కొలతల పుస్తకం

ఛాతీ నలభై. తల ఇరవై రెండున్నర.
కుడి భుజం ఎడమదానికన్నా అరంగుళం కిందికి,
గుమాస్తా కాకముందు టిక్కీలు మోసిన భుజం.
పేరు: కంచర్ల దేవదానం.
అడ్వాన్సు: లేదు. తర్వాతిస్తానన్నాడు.

అరండల్‌పేటలో నా కొట్టు చూశారుగా.
అద్దెకి కిరీటాలు, గదలు, గడ్డాలు,
పోలీసు బెల్టులు, ప్లీడరు కోట్లు.
ముప్ఫయ్యారేళ్ళుగా
నాటకం అయ్యాక తిరిగొచ్చే బట్టల్ని
నేనే ఉతికాను, నేనే డాబా మీద ఆరేశాను.
ఎవడెలా చేశాడో నాకు పేపరోళ్ళు చెప్పక్కర్లా.
మామూలు నటుడికి చంకల్లో చెమట.
దేవదానానికి వీపంతా ఉప్పు చార,
మోకాళ్ళ దగ్గర స్టేజీ దుమ్ము.
ఆ సీన్లో కూలబడాలని ఎవరూ రాయలేదట,
కాళ్ళే నిలబడనన్నాయట.

పగలంతా మిర్చి యార్డులో కాటా దగ్గర.
సాయంత్రం రిహార్సలుకి అతనొస్తే
మేమంతా తుమ్మేవాళ్ళం.
అతను తుమ్మేవాడు కాదు.

ఆ ఏడు పరిషత్తు పోటీల్లో
కొడుకు శవాన్ని గుర్తుపట్టడానికొచ్చిన తండ్రి వేషం.
పంచె మీద నా నల్ల కోటు.
ఉన్న డైలాగు ఒక్కటే:
"కాదండీ. మావాడు కాదు."
మూడుసార్లు అనాలి.
మొదటిసారి నమ్మాం.
రెండోసారి, లైట్లబ్బాయి లైటు మార్చడం మర్చిపోయాడు.
మూడోసారికి హాల్లో
వేరుశెనక్కాయల పొట్లం చప్పుడు కూడా లేదు.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన, పొరుగూరి పెద్దమనిషి,
"కన్నీళ్ళు బాగానే కారాయి గానీ
ఆయనకి యార్డులో పనటగా,
వేళ్ళకి ఉంటుందిగా" అని నవ్వాడు.
పక్కనున్న ఇద్దరూ నవ్వారు.
వెండి కప్పు ఒంగోలు వాళ్ళకి పోయింది.

దేవదానం ఏమీ అన్లేదు.
టీ బంకు దగ్గర కుళాయి కింద
సబ్బుతో రెండు చేతులూ మోచేతుల దాకా కడిగి
నా ముక్కు ముందు పెట్టాడు.
"వాసనుందా మస్తానూ?"
అబద్ధమెందుకు, ఉంది.
ఇరవయ్యేళ్ళ కారం ఒక్క సబ్బుకి పోతుందా.
లేదన్నాను.
నా జన్మలో నేను బాగా కట్టిన వేషం అదొక్కటే.

ఇంకో పేజీలో జగదాంబ. తెనాలి.
ఆరింటికి ఒకడికి తల్లి, పదింటికి వాడికే పెళ్ళాం,
రెండు నాటకాలకీ ఒకే జడ.
కరపత్రంలో ఆమె పేరు
మైకుసెట్టు వాడి పేరుకి ఒక్క వరస పైన, అంతే.
రాత్రి రెండింటికి రంగు తుడవకుండానే
కొంగు ముఖాన కప్పుకుని స్టేషనుకి నడిచేది.
నా నీలం చీరకి ఆ ముఖం అంటుకునొచ్చింది,
బుగ్గ, గడ్డం, సగం పెదవి.
మూడు నీళ్ళకీ పోలేదు.
తర్వాత ఉతకడం మానేశాను.

మొన్న ఒక కుర్రాడొచ్చాడు.
పెళ్ళికి ముందు ఫొటోలట, పాతకాలం మోడల్లో,
అమరావతి దగ్గర కృష్ణ ఒడ్డున.
నల్ల కోటు తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగాడు.
"వదులుగా ఉందంకుల్, పక్కలు పట్టెయ్."
కుట్టు విప్పుతుంటే లోపలి జేబులో
నాలుగు మడతల కాటా చీటీ.
ముందువైపు: తేజ, అరవై మూడు టిక్కీలు, తాలు వేరే.
వెనకవైపు పెన్సిలుతో
"కాదండీ. మావాడు కాదు."
మాటకీ మాటకీ మధ్య నిలువు గీతలు.
ఒక గీతంటే ఆగడం. రెండంటే
శవం వైపు చూడకపోవడమనుకుంటా.
మూడోసారి "కాదు"కి ముందు ఎన్ని గీతలో తెలీదు,
అక్కడ కాగితం చిరిగింది.

కుర్రాడికి వేరే కోటిచ్చాను.
వంద ఎక్కువే తీసుకున్నాను.
పుస్తకం తెరిచి, దేవదానం పేజీలో,
పోయి ఆరేళ్ళయిన మనిషి పేజీలో,
అడ్వాన్సు దగ్గర "లేదు" కొట్టేసి
"ముట్టింది" అని రాశాను.
చీటీని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

తుమ్మొచ్చింది.